కింద కోసిన కిటికీ

ఆ ఏడాది తొలకరిలో, ఎమ్మిగనూరు బస్సు టాపు మీద వేసిన పెళ్ళి పరుపు ఒకటి దారిలోనే తడిసి ముద్దయింది. పెళ్ళివాళ్ళు దాన్ని అట్లాగే ఆదోనికి తిప్పి పంపారు. నీళ్ళు తాగిన దూది ఎంత బరువుంటుందో, దాన్ని బస్టాండు నుంచి మోసుకొచ్చిన వాళ్ళ తిట్లను బట్టి వీధి మొత్తానికీ తెలిసింది. మాబు సాబ్ ఆ పరుపు విప్పి దూదిని మిద్దె మీద ఆరబోస్తూ, "ఇంగ బస్సుల మొగం సూసేది ల్యా. ఎవరో ఒకరు వాడిందైనా సరే, ఒక వ్యాను కొంటా," అన్నాడు.

కింద వసారాలో కూర్చుని పరుపుకు కుచ్చులు వేస్తున్న లాలాబీ చేతిలో దబ్బనం ఆగింది. మళ్ళీ కదిలింది కానీ, ఆ తర్వాత వేసిన కుచ్చులు రెండు వంకరపోయాయి.

వాళ్ళది దూదేకుల ఇల్లు. దూది ఏకడం, పరుపు నింపడం మాబు సాబ్ పని. దూది నింపే గలీబులు కుట్టడం, నింపిన పరుపు కదలకుండా దబ్బనంతో కుచ్చులు వేయడం లాలాబీ పని. గుడ్డ ఎమ్మిగనూరు మగ్గాల నుంచి వచ్చేది. కుట్టిన పరుపుల్లో సగం మళ్ళీ ఎమ్మిగనూరుకే పోయేవి. అట్లా ఆ ఊరికి గుడ్డ తిరిగి పోయేది, దూది పోయేది, భర్త పోయేవాడు. లాలాబీ మాత్రం ఎప్పుడో పండక్కీ పబ్బానికీ బస్సెక్కేది.

ఆ ఊళ్ళో ఆమె అక్క జమ్రుద్‌బీ ఉంది. తల్లి పోయేనాటికి లాలాబీ పాలు మరవని పిల్ల. జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది, సూదిలో దారం ఎక్కించడం నేర్పింది అక్కే. అమ్మకానికి పనికిరాదని తండ్రి పక్కన పడేసిన ఎగుడుదిగుడు పరుపొకటి ఇంట్లో ఉండేది. దాని మీద ఇద్దరూ ఒకరి కాలు మీద ఒకరు కాలు వేసుకుని పడుకునేవాళ్ళు. అక్క పెళ్ళయి ఎమ్మిగనూరు అద్దకాల ఇంటికి పోయింది. లాలాబీని చేసుకుని మాబు సాబ్ ఇల్లరికం వచ్చాడు. తండ్రి ఇల్లు, తండ్రి దూది ఏకిన విల్లు ఆమెకు దక్కాయి.

కొన్నేళ్ళ కిందట జమ్రుద్‌బీ మిరపకాయలు ఎండబోయడానికి మిద్దె ఎక్కి, దిగేటప్పుడు నిచ్చెన జారి పడింది. నడుం పోయింది. కూర్చోలేదు, పక్కకు తిరగాలన్నా ఒకరు పట్టాలి. అప్పటి నుంచి ఆమె ప్రపంచం మిద్దెకు పెట్టిన గవాక్షి. దానిలోంచి పడే చారెడు వెలుతురు నేల మీద ఎక్కడికి జరిగిందో చూసి పొద్దు చెబుతుంది.

లాలాబీ పోయినప్పుడల్లా అక్క అడిగేది ఒకటే. "ఒక్కసారి మనింటికి పిల్చకపో లాలీ. వసారాలో పండుకోని, నాయన విల్లు మోగేది వింటా. మళ్ళా తెచ్చి ఈన్నే పడేద్దువులే."

బస్సులో ఎక్కించడం అయ్యే పని కాదు. ఎద్దుల బండైతే ప్రతి గుంతా నడుముకే తగులుతుంది. టాక్సీలో కాళ్ళు చాపే వీలు లేదు. వ్యాను అనే మాట వినగానే లాలాబీ మనసులో వెనక తలుపు తెరుచుకుంది, లోపల పరుపు పరిచింది, పరుపు మీద అక్క పడుకుని ఉంది.

అయినా ఆ మాట భర్తతో అనలేకపోయింది. అనలేకపోవడానికి కారణం ఒక స్పాంజి పరుపు.

జమ్రుద్‌బీ మంచాన పడిన కొత్తలో మాబు సాబ్ మార్కెట్ యార్డుకు పోయి, పోగు లాగి లాగి చూసి, పొడుగు పింజె పత్తి ఏరి తెచ్చాడు. మిషనులో వేయకుండా విల్లుతోనే ఏకాడు. వదినకని అంత శ్రద్ధగా చేసిన పరుపును కూలివాడికి కూడా ఇవ్వకుండా తానే నెత్తిన పెట్టుకుని ఎమ్మిగనూరు బస్టాండు నుంచి నడిచాడు. ఇంట్లో అడుగుపెట్టేసరికి జమ్రుద్‌బీ పసుపుపచ్చ స్పాంజి పరుపు మీద ఉంది. ఆమె భర్త, తన షడ్డకుడు కరీం సాబ్ దాన్ని కర్నూలులో కొనుక్కొచ్చాడు.

"డాక్టరు సెప్పినాడు మాబూ. దూది అయితే అణిగిపోయి పుండ్లు పడతాయంట," అన్నాడు కరీం సాబ్.

మాబు సాబ్ నెత్తి మీది పరుపు దించలేదు. అట్లాగే వెనక్కి తిరిగి బస్టాండుకు నడిచాడు. దూదేకుల ఇంటి ఆడబిడ్డ స్పాంజి మీద పడుకుందని ఎమ్మిగనూరు బజారులో నవ్వుకున్నారు. ఆదోనిలోనూ నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి అతను ఆ ఊరికి పరుపులు వేసుకుని పోతాడు, బజారులో టీ తాగుతాడు, ఆ వీధిలోకి మాత్రం పోడు. ఆ పరుపు అమ్మనూ లేదు. దుప్పటి చుట్టి అటక మీద పెట్టాడు.

*

అబ్దుల్ గనీ పాత బండ్ల బ్రోకరు. ఎవరి బండి అమ్మకానికి వస్తుందో యజమానికంటే ముందే అతనికి తెలుస్తుందని పేరు. వారం తిరక్కుండానే కబురు తెచ్చాడు.

"రెండుండాయి మాబూ. రెండూ మెటడార్లే. ఒకటి బళ్ళారిలో ఇస్కూలు పిల్లోళ్ళను తిప్పింది. ఇంకొకటి గుంతకల్లు రొట్టెల బండి. నీ అదృష్టం, రెండూ ఒకేసారి నాకాడికి వచ్చినాయి."

"నా అదృష్టమో, ఎవరూ కొనక నీ మీద పడినాయో."

"నా మీద పడింటే నీతో మాట్లాడేదానికి నేను మిగిలింటానా? సూసేదానికి డబ్బులేం అడగల్యా, రా."

సిరుగుప్ప రోడ్డులో మెకానిక్ యేసేపు షెడ్డు ముందర రెండు బండ్లూ నిలబెట్టి ఉన్నాయి. లాలాబీ కూడా బయల్దేరితే మాబు సాబ్ గుమ్మంలోనే ఆపాడు.

"బండి సూసేదానికి నువ్వెందుకే?"

"పరుపులు ఎత్తి పెట్టేది ఎవరు? తలుపు ఎంతుందో, లోపల మేకులు గుడ్డకు తగుల్తాయో లేదో నీకేం తెలుస్తాది. నువ్వు ఇంజను సూడు, నేను కడుపు సూస్తా."

బళ్ళారి వ్యాను ఆకుపచ్చది. రెండు పక్కలా వరసగా కిటికీలున్నాయి. సీట్లు పీకేశారు. కిటికీల కింద పిల్లలు మేకులతో పేర్లు గీసుకున్నారు. లాలాబీ ఎక్కి నడుమ నిలబడింది. ఒక అద్దం జరిపితే గాలి జివ్వున వచ్చింది. ఎదురుగా ఆదోని కొండ, దాని బండలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. గవాక్షి కింద ఇన్నేళ్ళు పడుకున్న మనిషికి ఇన్ని కిటికీలు ఒక్కసారిగా తెరుచుకుంటే ఎట్లా ఉంటుందోనని అనుకుంది. చెయ్యి కిటికీ కమ్మీ మీద నుంచి తీయబుద్ధి కాలేదు.

"ఇది బాగుంది," అంది కిందికి దిగకుండానే.

గనీ సంతోషంగా నవ్వాడు. "సూసినావా, ఇంటామెకు నచ్చింది. ఇంగ నువ్వెవరు మాట్లాడేదానికి?"

మాబు సాబ్ పెళ్ళికి ముందు మిల్లు లారీ తోలినవాడు. ఆకుపచ్చ బండిని సిరుగుప్ప రోడ్డు మీద ఒక దఫా తిప్పుకొచ్చాడు. యేసేపు పొగ చూశాడు. చక్రం పట్టుకుని ఊపాడు. ఆయిలు మూత తీసి మళ్ళీ పెట్టాడు. "ఆయిలు తాగుతాది. ఇంజను ఇప్పాల్సొస్తాది," అన్నాడు గుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ.

మాబు సాబ్ ఇంజను వైపు చూడలేదు. వెనక ఎక్కి, మోకాళ్ళ మీద కూర్చుని, నేల రేకు మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీశాడు.

"ఎవరో పొగగొట్టం మార్పించి రేకుకు ఆనించి బిగించినారు. పెనం మాదిరి కాలుతాండాది. దూది బండికి ఇది వద్దు."

"చెక్క ఎయ్యి, సరిపోతాది," అన్నాడు గనీ.

"చెక్కకు మాత్రం నిప్పంటుకోదా గనీ భాయ్?"

 బీడీ తాగే మనిషిని వసారా మెట్టు కూడా ఎక్కనివ్వని ఇంట్లో పెరిగింది లాలాబీ. దూది, నిప్పు అనే రెండు మాటలు పక్కపక్కన వినబడితే ఇప్పటికీ ఆమె కళ్ళు నీళ్ళ బిందె కోసం వెతుకుతాయి. అతను చెప్పింది నిజం.  కమ్మీ వదిలి కిందికి దిగింది.

రొట్టెల బండి మూడు పక్కలా రేకుతో మూసి ఉంది. వెనక తలుపు ఒకటే. లోపల చీకటి, ఆ చీకట్లో ఇంకా కాలిన రొట్టె వాసన. ఇంజను చక్కగా మోగింది, ధర కూడా తక్కువే. మాబు సాబ్ చుట్టూ తిరిగి చేత్తో రేకు తట్టి చూశాడు. వాన చుక్క లోపలికి రాదు. పరుపులకు బరువు తక్కువ, జాగా ఎక్కువ కావాలి. ఇందులో జాగా బోలెడుంది. తిప్పి తెచ్చాక నేల రేకు ముట్టుకుంటే చల్లగా ఉంది.

మగవాళ్ళు ముందర నిలబడి బేరం మొదలుపెట్టారు. లాలాబీ వెనక నుంచి లోపలికి ఎక్కింది. కాసేపు నిలబడింది. చీర కొంగు పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుంది. కాళ్ళు చాపింది, ఇంకా జాగా మిగిలింది. అక్క తనకంటే పొడుగు, అయినా పడుతుంది. తల ఇటు తిప్పితే రేకు. అటు తిప్పినా రేకే. పైన కూడా రేకే. అక్కడ గవాక్షి అయినా ఉందనుకుంది. ఆదోని వరకూ ఈ పెట్టెలో తెస్తే, పెట్టె మూత తీసి మళ్ళీ ఇంకో గదిలో పెట్టినట్లే కదా.

తలుపు తెరుచుకుని వెలుతురు పడింది. మాబు సాబ్ నిలబడి ఉన్నాడు. అతని వెనక నుంచి గనీ తొంగి చూశాడు.

"ఎవరైనా టైర్లు సూస్తారు. మీ ఇంటామె నిద్ర పడతాదో లేదో సూస్తాండాది."

"ఏం చేస్తాండావు?" అన్నాడు మాబు సాబ్.

"పరుపు నిడివి పడతాదో లేదో సూస్తాండా," అంది లాలాబీ లేచి కొంగు దులుపుకుంటూ.

అతను ఆమె తల ఆన్చిన చోటు వైపు చూశాడు. ఆ పక్కనున్న రేకు వైపు చూశాడు. ఆమె దిగాక తలుపు వేశాడు. ఆ సాయంత్రమే రొట్టెల బండికి బయానా ఇచ్చాడు.

*

బండి వెంటనే ఇంటికి రాలేదు. "చిన్న పని ఉండాది," అని యేసేపు షెడ్డులోనే పెట్టించాడు మాబు సాబ్.  ఆకుపచ్చ వ్యానును కౌతాళం శావుకారు ఎవరో పెళ్ళిళ్ళకు తిప్పడానికి కొన్నాడని గనీ చెబితే లాలాబీ, "మంచిది," అని ఊరుకుంది. ఆ వారం ఆమె చాలా గలీబులు కుట్టింది. సూది కదులుతూనే ఉంది కానీ మనసు ఆ కిటికీ కమ్మీ దగ్గరే ఉండిపోయింది. పోయిన ప్రతిసారీ అక్క ఒక్కసారే అడుగుతుంది. అడిగిన మాట గుర్తు చేయదు. గవాక్షి వైపు చూస్తుంది, అంతే. ఆ చూపు గుర్తొచ్చినప్పుడల్లా లాలాబీ సగం అన్నం వదిలి సూది అందుకునేది.

ఒక పొద్దున ఆమె బావి నుంచి నీళ్ళు తెచ్చేసరికి ఇంట్లో విల్లు మోగుతోంది. మిషను వచ్చాక గోడకు తగిలించిన తండ్రి విల్లు అది. మాబు సాబ్ నోటికి గుడ్డ కట్టుకుని, వింటినారి మీద గూటంతో కొడుతున్నాడు. టుంయ్ టుంయ్‌మని ఇల్లంతా వణుకుతోంది. ముందర అటక మీది పరుపు విప్పి ఉంది.

"అదెందుకు ఇప్పినావు?"

"అట్లే పెడితే గడ్డ కట్టింది. ఏకాల."

"మిషనులో ఎయ్యొచ్చు కదా."

"మిషనులో పింజె తెగుతాది," అని మళ్ళీ గూటం ఎత్తాడు. ఇంకేం అడిగినా ఆ మోతలో వినబడదు. లాలాబీ బిందె దించి, తడి చేతులతోనే గుమ్మానికి ఆనుకుని చాలాసేపు నిలబడింది.

గురువారం నాడు బండి వీధిలోకి వచ్చింది. యేసేపు తోలుకొచ్చాడు, గనీ పక్కన కూర్చున్నాడు. తెల్ల రంగు వేసి ఉంది. వీధిలో పిల్లలు, ముసలివాళ్ళు చుట్టూ చేరారు. ఎడమ పక్క రేకుకు కిటికీ ఒకటి కోసి ఉంది. పొడుగ్గా, బారుగా, సన్న కమ్మీలు, జరిపే రేకు మూత. అయితే అది ఉండాల్సిన చోట లేదు. లోపలి నేలకు జానెడు ఎత్తున ఉంది.

గనీ దిగి దాని ముందర గొంతుక్కూర్చున్నాడు. "యేసేపూ, టేపు తలకిందులు పట్టుకున్నావా ఏంది? కిటికీ ఈడ పెట్టినావు. కోళ్ళు తొంగి సూసేదానికా?"

"ఆయప్ప సుద్దముక్కతో గీసి సూపిచ్చినాడు. నేను కోసినా," అన్నాడు యేసేపు.

"ఏం మాబూ, ఏందిది?"

"దూదికి గాలి తగలాల," అన్నాడు మాబు సాబ్, టైరు వైపు చూస్తూ.

"దూదికి గాలి. నేను ఇన్ని బండ్లు అమ్మినా, దూదికి గాలాడల్యా అని ఏడ్చినోడు ఒకడూ ల్యా."

అందరూ నవ్వారు. లాలాబీ నవ్వలేదు. వెనక తలుపు తెరిచి ఎక్కింది. ఆ రోజు పడుకున్న చోటే పడుకుంది. తల ఎడమకు తిప్పింది. కిటికీ సరిగ్గా కళ్ళ ముందర ఉంది. పిల్లల కాళ్ళు, గనీ చెప్పులు, ఎవరి ఇంటి ముందరిదో కడిగిన గడప, వాటన్నిటి పైన ఇళ్ళ సందులో కొండ. అక్కడ పడుకుని ఉన్న మనిషికి తప్ప ఇంకెవరికీ పనికిరాని కిటికీ అది.

కొంగుతో మొహం తుడుచుకుని దిగేసరికి జనం చెదిరిపోయారు. మాబు సాబ్ బండి అద్దం తుడుస్తున్నాడు.

"ఎప్పుడు పోదాం?" అంది.

"రేపు నమాజ్ అయినాక." అతను అద్దం తుడవడం ఆపలేదు. "దారిలో అదురుతాదేమో. కొత్త రబ్బరు ఎయ్యమన్నా తలుపుకు."

*

ఎమ్మిగనూరు అద్దకాల వీధిలో బండి ఆగింది. మాబు సాబ్ దిగలేదు. స్టీరింగు పట్టుకుని ఎదురుగా ఆరేసిన రంగు నూలు వైపు చూస్తూ కూర్చున్నాడు. లాలాబీ లోపలికి పోయి చెప్పింది. కరీం సాబ్ నీలం అంటిన చేతులతో బయటికి వచ్చి డ్రైవరు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"లోపలికి రావా మాబూ?"

"ఇంజను ఆపితే మళ్ళా లేస్తాదో లేదో."

"సానా గట్టి బండి కొన్నావని గనీ ఊరంతా సెబుతాండాడే."

మాబు సాబ్ దగ్గాడు. కరీం సాబ్ ఇంకాసేపు నిలబడి లోపలికి పోయాడు.

కదిలించడానికి కరీం సాబ్, పక్కింటి మగ్గం నరసప్ప, లాలాబీ మూడు మూలలు పట్టారు. నాలుగో మూలకు నరసప్ప భార్యను పిలిచారు. స్పాంజి పరుపును అట్లాగే ఎత్తబోతే నడుమ మడతపడింది. జమ్రుద్‌బీ అరవలేదు కానీ, పళ్ళు కరిచిన చప్పుడు వినబడింది. అందరూ చప్పున దించేశారు.

"వద్దులే లాలీ," అంది ఆమె కళ్ళు మూసుకుని. "నాకు రాసి లేదులే. నువ్వొచ్చినావు, సాలు."

లాలాబీ బయటికి పరుగెత్తబోయి గుమ్మంలోనే ఆగిపోయింది. మాబు సాబ్ పరుపు నెత్తిన పెట్టుకుని ఎదురుగా వస్తున్నాడు. కొన్నేళ్ళ కిందట వెనక్కి తిరిగిన గుమ్మం దగ్గర తల వంచి, పరుపు తగలకుండా లోపలికి వచ్చాడు. ఎవరి మొహమూ చూడలేదు.

"మూలలు పట్టుకునేది అట్ల కాదు," అన్నాడు. పరుపు దించి విప్పాడు. బిగువుగా కుచ్చులు వేసిన పరుపు, చెక్క పలకలా వంగకుండా ఉంది. "దీన్ని కింద తోయండి. ఇది మడత పడదు. మీదది అట్లే ఉండనీ, వదినకు అది అలవాటు."

కరీం సాబ్ నీలం చేతులను పంచెకు తుడుచుకున్నాడు. మంచి పరుపుకు మరక అంటకూడదని మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. షడ్డకులిద్దరూ తలవైపు చెరొక మూల పట్టారు. రెండు పరుపుల మీద జమ్రుద్‌బీ కదలకుండా గుమ్మం దాటింది. వీధిలోకి రాగానే వెలుతురుకు కళ్ళు చిట్లించి, చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ళు పెట్టుకుంటారు?" అన్నాడు కరీం సాబ్, తలుపు వేస్తుంటే.

"నువ్వొచ్చి పిల్చకపోయే వరకూ. వస్తే తిండి తిని పోవాల," అన్నాడు మాబు సాబ్.

*

బండి ఊరు దాటింది. లాలాబీ వెనకే కూర్చుని అక్క తల కిందికి దిండు జరిపింది. కిటికీ మూత పూర్తిగా తెరిచింది. జమ్రుద్‌బీ మొహం అటు తిప్పి ఉంది. రోడ్డు పక్క తుమ్మ చెట్ల మొదళ్ళు, మేకల కాళ్ళు, నడిచిపోతున్న కూలివాళ్ళ పాదాలు, వాటి వెనక జానెడు లేచిన పత్తి చేలు. ఆమె కళ్ళార్పితే ఏదైనా పోతుందేమోనన్నట్లు చూస్తోంది.

"యాడికొచ్చినాం?" అంది కాసేపటికి.

"పెద్దకడుబూరు దారి చీలే కాడికి."

"పత్తి ఇంత ఏపుగా ఉండాదా ఈ ఏడాది." మళ్ళీ కొంచెం సేపటికి, "నాయన విల్లు ఉండాదా?"

"ఉండాది. నువ్వు పండుకున్నది దానితో ఏకిందే."

జమ్రుద్‌బీ చెయ్యి మెల్లగా పరుపు అంచు మీద పాకి, స్పాంజి కిందికి పోయి, కుచ్చు ఒకటి దొరకబుచ్చుకుంది. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకునే ఉంది.

లాలాబీ ఆమె పక్కన ఒదిగి పడుకుంది. చోటు సరిపోయింది. చిన్నప్పటి లాగా కాలు మీద కాలు వేయబోయి, ఆగి, పాదం పక్కన పాదం పెట్టింది. ఇద్దరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. చేల చివర, ఎండకు కరిగినట్లు సన్నగా, ఆదోని కొండ కనబడడం మొదలైంది.

"లాలీ. ఆయప్పను మెల్లగా పొమ్మను."

లాలాబీ లేచి ముందరి రేకు తట్టింది. "నొప్పి పుడతాందంట. కొంచెం మెల్లగా పో."

"నొప్పికి కాదే," అంది జమ్రుద్‌బీ కొండ మీద నుంచి చూపు తిప్పకుండా. "ఊరు అప్పుడే వచ్చేటట్లుంది."

ఇంజను మోత తగ్గింది. మాబు సాబ్ బండిని రోడ్డు అంచుకు జరిపి, ఎద్దుల బండ్ల వెనకే పోనిచ్చాడు.